చదివినట్టు రసీదు

నందకుమార్ పోయిన రోజు బుధవారం. మధ్యాహ్నం భోజనాల గంట ఇంకా కొట్టలేదు. తిరుత్తణి బడిలో తెలుగు చెప్పే సత్యప్రియ ఎనిమిదో తరగతి పిల్లలకు సెలవుచీటీ రాయడం నేర్పుతోంది. తేదీ కుడి పక్కన, ఎవరికి రాస్తున్నామో ఎడమ పక్కన. 'నమస్కారములు' అన్న మాటలో ఒత్తు దగ్గర పిల్లలు ఆగిపోతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడినా వాళ్ళకు చేయి తిరిగింది అరవ అక్షరమే. హెడ్మాస్టరు కుప్పుస్వామి వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలో నుంచే పిలిచే మనిషి ఆ రోజు లోపలికి వచ్చి, ఆమె చేతిలోని సుద్దముక్క తీసుకున్నాడు. ఏదో జరిగిందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆమె తమ్ముడు తిరువళ్ళూరు శివారులో ప్లాస్టిక్ సామాన్లు చేసే కంపెనీలో స్టోర్స్ సూపర్‌వైజరు. రెండో షెడ్డులో సరుకు కిందికీ పైకీ మోసే లిఫ్టు ఒకటుంది. లిఫ్టు వచ్చి నిలిస్తేనే తలుపు తెరుచుకోవాలి. లేకపోతే లాకు పట్టుకోవాలి. ఆ రోజు నందకుమార్ పై అంతస్తులో అట్టపెట్టెలు మోచేతుల మీద ఎత్తుకుని, కాలి మడమతో తలుపు లాగాడు. తలుపు వచ్చింది. వెనక్కి నడుస్తూ లోపలికి అడుగేశాడు. లోపల లిఫ్టు లేదు. ముప్పై అయిదేళ్ళ వయసు.

కర్మలు ముగిసిన మరునాడు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మొదట సానుభూతి. తరువాత రెండే వాక్యాలు. చూసుకోకుండా అడుగు వేయడం వల్ల ప్రమాదం జరిగింది. లిఫ్టు గురించి అంతకు ముందు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

సత్యప్రియ ఆ రెండో వాక్యం దగ్గర వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. అది నిజం కాదని ఆమెకు తెలుసు.

తమ్ముడు పోవడానికి పది రోజుల ముందు, ఆదివారం నాడు వచ్చి, వంటింటి గుమ్మంలో చతికిలబడి చెప్పాడు. లిఫ్టు ఉన్నా లేకున్నా తలుపు వచ్చేస్తోందని, షెడ్డుల మేనేజరు దామోదరన్ సారుతో నోటిమాటగా అంటే చూద్దాంలే అన్నాడని. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"నోటితో చెప్తే గాలికి పోతుంది నందా. రాసి పెట్టు. చదివినట్టు రసీదు అడుగు."

అది వాళ్ళింటి అలవాటు. ఆమె క్లాసులో ఏ పిల్ల సెలవుచీటీ ఇచ్చినా వెనుక ఎర్ర సిరాతో 'చూసినాను' అని రాసి, తేదీ వేసి, తిరిగి ఇస్తుంది. రాసినవాళ్ళకు మన చేతికి అందిందో లేదో తెలియకపోతే ఉత్తరం నూతిలో రాయేసినట్టేనని పిల్లలకు ఏటా చెబుతుంది. తమ్ముడికీ చిన్నప్పుడు అలాగే నేర్పింది. కంపెనీలో చేరిన కొత్తలో అతను ఫోన్ చేసి నవ్వాడు. "అక్కా, నువ్వు చూసినాను అని రాస్తావే, దానికి ఇప్పుడు కంప్యూటర్లో బటన్ వచ్చింది." మెయిలు పంపేటప్పుడు ఒక గడిలో టిక్కు పెడితే, అవతలివాళ్ళు తెరవగానే చిన్న పెట్టె లేచి, పంపినవారు రసీదు అడుగుతున్నారు, పంపమంటారా అని అడుగుతుందట. యెస్ కొడితే ఫలానా రోజు ఫలానా గంటకు చదివారని వస్తుంది. నో కొడితే ఏమీ రాదు. అందరూ నో కొట్టేవాళ్ళే. అయినా నందకుమార్ ప్రతి మెయిలుకూ టిక్కు పెట్టేవాడు. తోటి పనివాడు వేలాయుధం దానికి పేరు కూడా పెట్టాడు, రసీదు నంద అని. 'వీడు అన్నం పెట్టి త్రేన్పు కూడా అడుగుతాడు' అని క్యాంటీన్లో అందరి ముందూ అనేవాడట.

కంపెనీ ఉత్తరం వచ్చిన సాయంత్రం నందకుమార్ భార్య జ్యోతిక అతని టిఫిన్ సంచి తెచ్చింది. లాకర్లో ఉన్నది ఉన్నట్టు ఇచ్చారు. డబ్బా అడుగున, నూనె అంటకుండా ప్లాస్టిక్ కవరులో, నాలుగు మడతల కాగితం ఒకటి. మెయిలు కాదు, మెయిలుకు వచ్చిన రసీదు. ఎవరికి: దామోదరన్. విషయం: రెండో షెడ్డు లిఫ్టు తలుపు లాకు పట్టడం లేదు, ప్రమాదం. పంపినది సోమవారం. చదివినది మంగళవారం ఉదయం 10.42.

ఆ మంగళవారం ఆడి కృత్తిక, తిరుత్తణి కొండ మీది మురుగన్‌కు కావడులు ఎత్తే పండుగ. నందకుమార్ పోయింది దాని తరువాత ఎనిమిదో రోజు.

జ్యోతిక కాగితం చదివి, మళ్ళీ మడిచి, వదిన చేతికే ఇచ్చింది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు గురువారం కంపెనీకే వచ్చి విచారిస్తాడని, ఇంటివాళ్ళు చెప్పుకొనేది ఉంటే ఆ రోజే చెప్పాలని నోటీసు వచ్చి ఉంది. ఆ రోజుకు ఇంకా తొమ్మిది రోజులు. ఆ లోపల ఒకసారి ఆ దామోదరన్‌ను చూసి రావాలని సత్యప్రియకు అనిపించింది.

శుక్రవారం సెలవు పెట్టి తిరువళ్ళూరు బస్సెక్కింది. కనకమ్మ సత్రం దాటేదాకా సంచి మీద నుంచి చేయి తీయలేదు.

దామోదరన్ ఆమెను నిలబెట్టలేదు. తానే కుర్చీ జరిపాడు, నీళ్ళు తెప్పించాడు. అరవంలో మెల్లగా మాట్లాడాడు. యాభై ఏళ్ళ మనిషి. గుండు చేయించుకున్న తల మీద వెంట్రుకలు అప్పుడే గరుగ్గా లేస్తున్నాయి. ఆమె కాగితం విప్పి బల్ల మీద పెట్టింది. చేయి మాత్రం కాగితం మీదే ఉంచింది. అతను వంగి చదివాడు. ముఖంలో రంగు మారింది గాని గొంతు మారలేదు.

ఆ రోజు తాను పనికే రాలేదన్నాడు. కొడుక్కు జబ్బు నయమైతే కావడి ఎత్తుతానని మొక్కుకున్నాడు, తెల్లవారి అయిదింటి నుంచి సాయంత్రం దాకా తిరుత్తణి కొండ మీదే ఉన్నాడు. ఫోను ఇంట్లో పెట్టి వచ్చాడు. "టీచరమ్మా, మీ ఊరి కొండే కదా. అబద్ధమైతే ఆ మురుగన్ చూసుకుంటాడు." కంప్యూటర్లు ఒక్కోసారి తామే ఇలాంటివి పంపుతాయన్నాడు. ఇంకొంచెం ఆగి, ఇలాంటి కాగితం ఎవరైనా టైపు చేసుకోవచ్చని కూడా అన్నాడు.

"మీ మెయిలు ఇంకెవరైనా తెరుస్తారా?" అని ఆమె అడిగింది.

"నేను తప్ప ఎవరూ తెరవరు."

అప్పుడే ఒక అమ్మాయి సంతకానికి రిజిస్టరు తెచ్చింది. సత్యప్రియ పోల్చుకుంది. నిత్య. ఆర్.కె.పేట వైపు పల్లె నుంచి బస్సులో వచ్చి తన దగ్గర మూడేళ్ళు చదివిన పిల్ల, ధనకోటి కూతురు. పొలం పనులు ఎగ్గొట్టి బడికి వచ్చేది, బడికి సెలవు కావాలంటే మాత్రం అరవ అక్షరాలు కలిపినా సరే చీటీ రాయకుండా మానేది కాదు. ఆ పిల్ల టీచర్ అనలేదు, నమస్కారం పెట్టలేదు. బల్ల మీది కాగితాన్ని చూసింది. రిజిస్టరు ముందు పెట్టి, సంతకం అయ్యేదాకా గోడ గడియారం చూస్తూ నిలబడి, వెళ్ళిపోయింది.

దామోదరన్ గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. జ్యోతికకు స్టోర్స్‌లోనే పని ఇప్పిస్తానన్నాడు. ఇంటి మనిషి లాంటి వాడు పోయాడు, ఆ మాత్రం చేయకపోతే ఎలా అన్నాడు. ఆ కాగితాల గొడవ విచారణలో తెస్తే పైవాళ్ళు బిగుసుకుంటారని, అప్పుడు తన చేతిలో ఏమీ ఉండదని, అదీ చెప్పాడు.

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే జ్యోతిక బియ్యం చెరుగుతున్న చేట ఆపింది.

"ఆయన చూసుకోకుండా పడినాడని రాసిన ఆఫీసులో నేను రోజూ పొద్దున్నే పోయి సంతకం పెట్టాల్నా వదినా?"

అంతే అన్నది. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

మరునాడు శనివారం. పదో తరగతి పిల్లలకు ప్రత్యేక తరగతి ముగించి సత్యప్రియ బయటికి వస్తే వరండాలో నీళ్ళ కుళాయి దగ్గర నిత్య నిలబడి ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది, చదువుకునే రోజుల్లో లాగే.

"నేనే టీచర్ నొక్కింది," అంది.

సత్యప్రియ ఖాళీ తరగతిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది. ఆ పిల్ల ముందు బెంచీలో కూర్చుని, బల్ల అంచు పట్టుకుని చెప్పింది.

దామోదరన్ సారు రోజంతా షెడ్డుల్లోనే ఉంటాడు. ఆయన పాస్‌వర్డు నిత్య దగ్గరే ఉంది. మెయిళ్ళు ఆమే తెరిచి, ముఖ్యమైనవి ఆయనకు చెబుతుంది. అలా ఇంకొకరికి పాస్‌వర్డు ఇవ్వకూడదని కంపెనీ రూలు ఉంది, అందుకే ఆ సంగతి వాళ్ళిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. చేరిన మొదటి రోజే ఆయన చెప్పాడు, రసీదు అడిగితే నో కొట్టు, చూడని దానికి మనం జవాబుదారీ కాదు అని. రెండేళ్ళుగా ఆమె నో తప్ప ఇంకొకటి కొట్టలేదు.

"కృత్తిక నాడు ఆఫీసులో నేనొక్కదాన్నే టీచర్. నంద అన్న పేరు చూస్తానే మీరు గుర్తుకొచ్చినారు. ఎర్ర సిరాతో మీరు రాసిండే మాట కండ్ల ముందర నిలబడింది. మీ తమ్ముడికి నో ఎట్ల కొట్టేది అనిపించింది. యెస్ కొట్టేసినాను."

"తర్వాత?"

"తర్వాత బయం పట్టుకొనింది. యెస్ ఎందుకు కొట్టినావని సారు తిడతాడని, దాన్ని మళ్ళా చదవనట్టు మార్చి పెట్టినాను. ఆయనే వొచ్చి తెరిచి చూస్తాడులే అనుకొంటిని. మొక్కు తీర్చుకొని, ఆయన రెండు రోజులు రాలేదు. ఆ లోపల దాని మీద నూరు మెయిళ్ళు పడినాయి."

"నోటితో చెప్పలేదా?"

"లేదు టీచర్."

బయట ఎవరో కుళాయి విప్పి వదిలేశారు. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. నిత్య లేచి వెళ్ళి కట్టేసి వచ్చింది. కూర్చోలేదు.

"ఇంకొకటుంది. మీకు చెప్పకుండా ఉండలేను. ఆ శుక్రవారం నంద అన్న నా టేబుల్ దగ్గరికి వొచ్చినాడు. సారును చూసి లిఫ్టు సంగతి గట్టిగా అడగాలని వొచ్చినాడంట. మళ్ళా ఆయనే నవ్వినాడు. సారు చదివేసినాడు మే, రసీదు వొచ్చింది, ఊరికే పోయి పీకులాడితే బాగుండదు, జవాబు వొస్తుందిలే అని పోయినాడు. నేను అప్పుడన్నా చెప్పలేదు."

సత్యప్రియ కిటికీ వైపు తిరిగింది. ఎవరు ఎవరిని పట్టి ఆపినట్టు అని లెక్క చూసుకుంది. ఆ పిల్ల అందరిలాగే నో కొట్టి ఉంటే తమ్ముడు వెళ్ళి దామోదరన్ ముందు నిలబడేవాడు, పోట్లాడేవాడు. యెస్ వచ్చింది గనుక మర్యాదగా తిరిగి వెళ్ళిపోయాడు. రాయమన్నది తాను. చూశానని చెప్పడం మర్యాద అని ఈ పిల్లకు నేర్పిందీ తానే. చూసిన తరువాత ఏం చేయాలో ఇన్నేళ్ళలో ఒక్క చీటీ వెనుక కూడా రాయలేదు.

"తిని వచ్చినావా?" అని అడిగింది.

లేదన్నట్టు నిత్య తల ఊపింది. ఆ వెంటనే అడిగింది. "ఆ కాగితం గురువారం ఇచ్చేస్తారా టీచర్?"

"ఇస్తాను."

"నా పేరు?"

ఆ పిల్ల తండ్రి ధనకోటికి బోరు ఎండి రెండేళ్ళయింది, ఇల్లు నడిచేది ఈ ఉద్యోగం మీదేనని సత్యప్రియకు తెలుసు. కాగితం ఇవ్వకపోతే తన తమ్ముడు చూసుకోకుండా చచ్చిపోయినవాడిగా ఎప్పటికీ ఉండిపోతాడు. ఇస్తే దామోదరన్ వేలు మొదట ఈ పిల్ల మీదికే తిరుగుతుంది.

"నీ పేరు ఆ కాగితంలో లేదు. నేను చెప్పను. కాని నాకు తెలుసునా అని వాళ్ళు అడిగితే, తెలియదని అబద్ధం చెప్పలేను నిత్యా."

నిత్య చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. వస్తానని అనలేదు. ఆదివారం నుంచి బుధవారం దాకా ఆ పిల్ల నుంచి ఫోను లేదు. దామోదరన్ మాత్రం రెండుసార్లు చేశాడు, పని సంగతి జ్యోతిక ఏమన్నదని. సత్యప్రియ రెండుసార్లూ గురువారం మాట్లాడదామన్నది. బుధవారం సాయంత్రం రసీదును జిరాక్సు తీయించబోయి, అంగడి ముందు నిలబడి, ఇది తీసుకుపోకపోతే ఎవరికి నష్టం అని ఒకసారి తనను తాను ప్రశ్నించుకుంది. జ్యోతిక చేట ఆపి అన్న మాట గుర్తుకు వచ్చింది. మూడు ప్రతులు తీయించింది.

గురువారం పదిన్నరకు కంపెనీ మీటింగు గదిలో కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు శేషాద్రి బల్లకు ఒక చివర. దామోదరన్, అతని పై అధికారి ఒక పక్క. సత్యప్రియ, జ్యోతిక ఇంకో పక్క. హాజరు రిజిస్టరు, ఫైళ్ళు పట్టుకుని నిత్య గోడవారగా నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

షెడ్డు చూసి వచ్చిన శేషాద్రి లాకు పనిచేయడం లేదని రాసుకున్నాడు. అది ఎప్పటి నుంచి, ఎవరికి తెలుసు అన్నదే తాను తేల్చాలన్నాడు. మాకెవరికీ తెలియదు అన్నాడు పై అధికారి. సత్యప్రియ కాగితం ముందుకు జరిపింది. శేషాద్రి కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు, దామోదరన్‌ను చూశాడు. దామోదరన్ కొండ సంగతి, మొక్కు సంగతి, గుండు సంగతి చెప్పాడు. తన మెయిలు తాను తప్ప ఎవరూ తెరవరని, కాబట్టి ఆ కాగితం నిజమైనది కాదని ముగించాడు.

నందకుమార్ మెయిలు పెట్టె చూపించమని శేషాద్రి అంటే, ఉద్యోగి పోయిన వారానికే మూసేశామని పై అధికారి చెప్పాడు.

శేషాద్రి సత్యప్రియ వైపు తిరిగాడు. అరవంలోనే అడిగాడు. "పదీ నలభై రెండుకు ఈ మెయిలు ఎవరు తెరిచారో మీకు తెలుసా అమ్మా?"

"తెలుసు."

శేషాద్రి కలం మూత తీశాడు.

"ఎవరు?"

"అది చెప్పాల్సింది నేను కాదు. ముందు నాది రాసుకోండి. లిఫ్టు సంగతి వాడు నాకు చెప్పినాడు. పోయి ఎదురుగా నిలబడి అడుగు అని నేను అనలేదు. రాసి రసీదు తీసుకో అన్నాను."

"దానికీ విచారణకూ సంబంధం లేదమ్మా."

"నాకుంది అయ్యా."

శేషాద్రి కలం పట్టుకుని ఆగాడు. దామోదరన్ గోడవారకు చూడకుండా ఉండడానికి బల్ల మీద ఉన్న నీళ్ళ గ్లాసును చూస్తున్నాడు. ఇంకో మాట వస్తుందేమోనని అందరూ సత్యప్రియనే చూస్తున్నారు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నిత్య వైపు తిరగకూడదని గట్టిగా అనుకుంది. తిరిగితే చెప్పినట్టే.

రిజిస్టరు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"నేనే తెరిచినాను సార్," అంది నిత్య. "మెయిలు ఇంకా సారు పెట్టెలోనే ఉంది. అన్‌రీడ్‌గా ఉంది. కావాలంటే ఇప్పుడే చూపిస్తాను."

ఆ తరువాత జరిగింది చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. కంప్యూటరు తెచ్చి తెరిచారు. ఆడి కృత్తిక ముందు రోజు మధ్యాహ్నం నందకుమార్ పంపిన మెయిలు, మందపాటి నల్ల అక్షరాల్లో, ఎవరూ చదవనట్టు ఉంది. అయిదు వరుసలు. లాకు పాడైన తేదీ, ఏ అంతస్తులో, ఎన్నిసార్లు. చివర, మీరు చదివిన తరువాత ఒక్కసారి పిలిస్తే వచ్చి చూపిస్తాను అని. జ్యోతిక ఆ వరుస చదివి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాస్‌వర్డు ఈ అమ్మాయికి ఎవరిచ్చారు అని శేషాద్రి అడిగాడు. దామోదరన్ చేయి గుండు మీదికి పోయింది.

"నేనే ఇచ్చాను సార్," అన్నాడు. "నోటితో కూడా ఒకసారి చెప్పాడు నంద. చూద్దాంలే అన్నాను."

శేషాద్రి అదీ రాసుకున్నాడు. చివర సత్యప్రియ ఇచ్చిన కాగితం ప్రతి మీద 'అందినది' అని ముద్ర వేసి, సంతకం చేసి ఆమెకు తిరిగి ఇచ్చాడు. ఆమె ఆ ముద్రను చూస్తూ లేవలేదు.

"లాకు ఎప్పుడు వేస్తారు?" అని అడిగింది.

పై అధికారి బదులు చెప్పాడు. లాకులు చేసేవాళ్ళకు సోమవారమే మెయిలు పెట్టామని, వాళ్ళు చదివినట్టు రసీదు కూడా వచ్చిందని.

"ఫోన్ చేయండి," అంది సత్యప్రియ. "మేము ఉండగానే చేయండి."

చేశారు. అవతల ఎవరో ఎత్తి, కనుక్కుని చెబుతామన్నారు.

అది జరిగి మూడు వారాలయింది. పిలిచేదాకా పనికి రావద్దని నిత్యకు చెప్పారు. ఆ పిల్ల పొద్దున పూట సత్యప్రియ ఇంటికి వస్తోంది. వేరే చోట్లకు అర్జీలు రాస్తుంటే సత్యప్రియ పక్కన కూర్చుంటోంది. దామోదరన్‌ను వేరే షెడ్డుకు మార్చారని విన్నారు. జ్యోతిక ఆ కంపెనీలో చేరలేదు. బడిలో సెలవుచీటీల వెనుక సత్యప్రియ ఇప్పుడు 'చూసినాను' అని రాయడం ఆపి, చీటీ ఇచ్చిన పిల్లను పిలిచి ఎదురుగా మాట్లాడుతోంది. దానితో రోజూ మొదటి గంట కొంత ఆలస్యమవుతోంది. కుప్పుస్వామి ఏమీ అనడం లేదు.

చూసుకోకుండా అడుగు వేశాడన్న ఉత్తరాన్ని కంపెనీ వెనక్కి తీసుకోలేదు. రెండో షెడ్డు లిఫ్టు తలుపుకు అడ్డంగా తాడు కట్టి, అరవంలో ఒక బోర్డు తగిలించారట. లాకు ఇంకా వేయలేదు.